అత్త సంచీలో పిస్తోలు

మా ఇంట్లోకి పిస్తోలు రాబోతోందని తెలిసిన రోజు నేను కాలేజీకి వెళ్లలేదు. వెళ్లినా పాఠం తలకెక్కేది కాదు. ఎనభైల చివరి రోజులవి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాది రెండు గదుల క్వార్టర్. నాన్న గూడ్స్ గార్డు. ఇంట్లో నాన్న, అమ్మ, నేను, నాన్నకు చెల్లెలైన మా అత్త. నేను బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నాను. ఎన్‌సీసీలో రైఫిల్ బాగా కాలుస్తానని నాకు కాస్త పేరుండేది. ఆ పేరు మీద నాకున్న గర్వం మాత్రం కాస్త కాదు.

అత్త బ్యాంకు ఆఫీసరు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక లేక" అనేది. ఆమె పనిచేసే బ్రాంచి సీపత్‌లో. అప్పటికి అది ఒక సంత, నాలుగు వీధులు, చుట్టూ కనుచూపు మేర వరిపొలాలు. బ్రాంచిలో ఇనప గది తెరవాలంటే రెండు తాళంచెవులు కావాలి. ఒకటి మేనేజరు దగ్గర, రెండోది అత్త దగ్గర. ఆ తాళంచెవిని నల్లతాడుకి కట్టి మెళ్లో వేసుకుని, రోజూ లూనా మోపెడ్ మీద మోప్కా దాటి సీపత్ వెళ్లి వచ్చేది.

ఆ చలికాలంలో ఒక మోటారుసైకిల్ ఆమె వెనకాల రావడం మొదలుపెట్టింది. మీద ఇద్దరు మనుషులు. ఆమె ఆగితే వాళ్లూ ఆగేవాళ్లు. పట్నం పొలిమేర రాగానే వెనక్కి తిరిగిపోయేవాళ్లు.

"ఒక్క తాళంతో ఏటి చేస్తారన్నియ్యా వాళ్లు? రెండోది లేకపోతే ఆ తలుపు కదలదు కదా," అంది అత్త నాన్నతో.

"ఆ సంగతి నీకు తెలుసు. దొంగలకి ఎవులు చెప్తారు?" అన్నాడు నాన్న.

మేనేజరు పిస్తోలు లైసెన్సు తీసుకోమన్నాడు. అలా మొదలైంది. మా వెనక లైనులో ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఉండేవాడు. మెయిల్ డ్రైవరుగా రిటైరయ్యాడు. కూతురి దగ్గరికి జబల్‌పూర్ వెళ్లిపోవాలని సామాన్లు ఒక్కొక్కటే వదిలించుకుంటున్నాడు. ఆ సామాన్లలో ఒకటి పిస్తోలు. తను లైనుమీద ఉన్న రాత్రులు భార్య ఒంటరిగా ఉండాల్సి వచ్చేదని, ఆమె కోసం కొన్నాడట. ఇంజన్లలో బొగ్గు వేసే శ్రీకాకుళం ఫైర్‌మెన్‌ల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆయనది.

ఆయన మా భోజనాల బల్ల మీద జేబురుమాలు పరిచి దాన్ని పెట్టాడు. నల్లగా, నా అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. అక్కడివాళ్లు పచ్చీస్ బోర్, అంటే పాతిక బోర్, అంటారు. దాని తూటా నా చిటికెన వేలి మొదటి కణుపంత కూడా లేదు.

"ఓలమ్మా, ఇదేటి, సిగరెట్లు ముట్టించుకునే లైటర్‌లాగుంది!" అంది అమ్మ.

అత్త వేలితో దాన్ని తాకి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ తాకింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

నాన్న చాలాసేపు చూసి అడిగాడు: "ఇది మడిసిని ఆపుతాదా సార్?"

పెద్దాయన తల గోక్కున్నాడు. "చంపుతాది. అవును. రేపు చస్తాడు, ఎల్లుండి చస్తాడు. నీ మీదికి పరిగెత్తి వచ్చేవాడు అక్కడే ఆగిపోతాడా అంటే, అది వేరే మాట."

"చూసీద్దాం అయితే," అంది అత్త.

ఆయనకి జిల్లా రైఫిల్ క్లబ్‌లో సభ్యత్వం ఉంది. అక్కడి కార్యదర్శిని అడిగి ఒప్పించి, ఒక ఆదివారం పొద్దున అత్తనీ నన్నూ రేంజికి తీసుకెళ్లాడు. చలికి ఊపిరి పొగలు కడుతోంది. అత్త కాటన్ చీర కొంగు నడుముకి బిగించి నిలబడింది. పది అడుగుల దూరంలో అట్టముక్క. మొదటి తూటా ఎటు పోయిందో ఎవరికీ కనపడలేదు. రెండోది మట్టిగోడలో దుమ్ము లేపింది. మూడోది అట్ట అంచుని చింపింది. నాలుగోది పేలనే లేదు. పాత తూటాలు కదా, ఒకటి ఇరుక్కుపోయింది.

"నాకియ్యండి," అన్నాను నేను ఆగలేక. ఎన్‌సీసీ కప్పు గెలిచినదాన్ని. పది అడుగులంటే నవ్వొచ్చింది. రైఫిల్‌ని భుజానికి ఆనించి, చెంప నొక్కి కాల్చడం అలవాటైన చేతిలో ఆ చిన్న ముక్క చేపపిల్లలా జారుతోంది. కాల్చిన ఐదింట్లో అట్టకి తగిలినవి రెండు. అత్త పకపకా నవ్వింది. నాకు రోషం వచ్చింది గానీ, నవ్వు కూడా వచ్చింది.

తర్వాత పెద్దాయన సంచిలోంచి పాత రైల్వే టైమ్‌టేబుల్ పుస్తకాలు తీశాడు. వాటిని తాడుతో కట్టకట్టి, నీళ్లలో తడిపి, ఒక స్టూలు మీద పెట్టి తనే కాల్చాడు. మేం ముగ్గురం పరిగెత్తి వెళ్లి పుస్తకాలు ఒక్కొక్కటే విప్పాం. పైవాటిలో బెజ్జం ఉంది. లోపలికి పోతున్నకొద్దీ బెజ్జం చిరుగు అయింది, చిరుగు నొక్కు అయింది. ఆ నొక్కులో కాస్త సొట్టపోయిన తూటా హాయిగా పడుకుని ఉంది.

"అచ్ఛా, ఇక్కడిదాకా వచ్చిందన్నమాట," అంది అత్త దాన్ని అరచేతిలోకి తీసుకుని.

ఆ వారమంతా మా వరండా యుద్ధభూమి అయిపోయింది. పిస్తోలుకి బదులు సబ్బు పెట్టె. అత్త దాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని నిలబడేది. నేను జామచెట్టు దగ్గర్నుంచి ఆమె మీదికి పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని. ఆమె నన్ను చూసి, సంచి జిప్పు లాగి, కళ్లజోడు పెట్టె, రుమాలు, పెన్ను, దువ్వెన పక్కకి తోసి, సబ్బు పెట్టె బయటికి తీసేలోపు నేను ఆమె మణికట్టు పట్టేసుకునేదాన్ని. ప్రతిసారీ అంతే. చివరికి అమ్మ వంటింట్లోంచి వచ్చి, "మీకేమైనా పిచ్చెక్కిందేటి? పక్కింటోళ్లు చూస్తన్నారు," అంటూనే తను కూడా ఒకసారి జామచెట్టు దగ్గర్నుంచి పరిగెత్తింది. అమ్మ కూడా గెలిచింది.

నిజమైన చిక్కు లూనా మీద కూర్చున్నప్పుడు బయటపడింది. అత్త కుడిచేతివాటం. లూనా ఆక్సిలరేటరు కూడా కుడిచేతికే. సబ్బు పెట్టె తియ్యాలంటే ఆక్సిలరేటరు వదలాలి. వదిలితే బండి నెమ్మదిస్తుంది. నాన్న ఒక కాలు మెట్టు మీద పెట్టి ఇదంతా చూసి, "చూసేవా? పారిపోడానికి ఉన్న చేత్తోనే కాల్చాల. ఏదో ఒకటే అవుద్ది," అన్నాడు.

"తెలుసన్నియ్యా. అయినా నా దగ్గరుందని నాకు తెలిస్తే నడుం నిటారుగా ఉంటాది," అంది అత్త.

లైసెన్సు వచ్చేసరికి ఎండాకాలం అయింది. పెద్దాయన పిస్తోలు అప్పగించి జబల్‌పూర్ బండి ఎక్కాడు. నాన్న ఒక్క షరతు పెట్టాడు. గతుకుల రోడ్డు మీద తూటాలున్న పిస్తోలు వద్దు. పిస్తోలు హ్యాండ్‌బ్యాగులో, తూటాలు టిఫిన్ సంచిలో. షరతు విని నేను నవ్వాను. దొంగ వచ్చి, నువ్వు రెండు సంచులూ విప్పుకునేదాకా కూర్చుంటాడా అన్నాను. అయినా అత్త ఒప్పుకుంది. లూనా ఎగిరి పడినప్పుడల్లా ఆమెకీ లోపల భయంగానే ఉండేదట.

నాట్ల కాలం వచ్చింది. ఒక శనివారం కాలేజీ లేకపోవడంతో నేనూ అత్త వెంట సీపత్ వెళ్లాను. శనివారం బ్యాంకు ఒంటిపూటే. మధ్యాహ్నం తిరిగి బయల్దేరాం. వాన అప్పుడే వెలిసింది. రోడ్డుకి రెండువైపులా పొలాల నిండా నీళ్లు, ఆ నీళ్ల నిండా మబ్బులు. మోకాళ్లదాకా చీరలు ఎగ్గట్టి ఆడవాళ్లు వరసలు కట్టి నాట్లు వేస్తున్నారు. హ్యాండ్‌బ్యాగు లూనా ముందు కొక్కేనికి వేలాడుతోంది. టిఫిన్ సంచి నా భుజాన ఉంది. నేను వెనక కూర్చుని పాట పాడుతున్నాను.

వెనక నుంచి మోటారుసైకిల్ చప్పుడు వినిపించింది. అది మమ్మల్ని దాటి, మా ముందు అడ్డంగా తిరిగి ఆగింది. అత్త బ్రేకు నొక్కింది. వెనక కూర్చున్నవాడు ఇనప రాడ్ పట్టుకుని దిగాడు.

"చాబీ నికాల్!" అని అరిచాడు, తాళంచెవి తియ్యమని.

"తియ్యత్తా!" అని నేనూ అరిచాను, పిస్తోలుని ఉద్దేశించి. తీసినా అది ఖాళీదేనని, తూటాలు నా భుజానే ఉన్నాయని ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. అత్త కుడిచెయ్యి హ్యాండ్‌బ్యాగు దాకా వెళ్లింది. అంతే. వాడు రెండడుగుల్లో వచ్చి సంచిని కొక్కెంతో సహా లాగేశాడు. వాడు ఆ జిప్పు తీయడానికి తంటాలు పడుతుంటే, అత్త మెళ్లోంచి నల్లతాడు తీసి, గిర్రున తిప్పి, చేలోకి విసిరేసింది. నీళ్లలో 'బుళుక్' మని చప్పుడైంది.

"వో రహీ చాబీ. జా, ఢూండ్ లే," అంది. అదిగో తాళంచెవి, పోయి వెతుక్కోమంది!

వాడు అటు చూశాడు, ఇటు చూశాడు. అప్పుడు వాడి చేతికి సంచిలో పిస్తోలు తగిలింది. దాన్ని బయటికి తీసి చూసుకున్నప్పుడు వాడి ముఖం తిరనాళ్లలో బొమ్మ దొరికినట్టు వెలిగిపోయింది. రాడ్‌ని చంకలో పెట్టుకుని పిస్తోలు మా వైపు గురిపెట్టాడు. అది ఖాళీదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. తెలిసినా ఆ చిన్న నల్లటి బెజ్జం మన వైపు చూస్తుంటే తెలిసిందంతా పనికిరాదు.

అత్త నవ్వింది. నిజంగానే నవ్వింది. "ఖాళీ హై, భైయ్యా."

వాడు నమ్మలేదు. నొక్కాడు. టిక్ మంది. మళ్లీ నొక్కాడు. ఆ రెండో టిక్‌తో నా ఒంట్లోకి ఏదో వచ్చింది. టిఫిన్ సంచిని పట్టీతో పట్టుకుని గుండ్రంగా తిప్పి వాడి మోచేతి మీద ఒక్కటిచ్చాను. స్టీలు క్యారేజీ ఖంగుమని మోగింది. రాడ్ కింద పడింది. ఇద్దరం ఒక్కసారి గొంతెత్తి కేకలు పెట్టాం, తెలుగులో, హిందీలో, నోటికి ఏది వస్తే అది.

చేలో వరసలు లేచాయి. "కా హోగే? కా హోగే నోనీ?" ఏమైందమ్మాయ్ అంటూ ఒకామె, "ధర! ధర ఓలా!" అంటూ ఇంకొకామె. పట్టుకోండి వాణ్ని అని. బురద చేతులతో, నారు కట్టలతో పాతికమంది దాకా ఆడవాళ్లు గట్టు ఎక్కి వస్తున్నారు. మోటారుసైకిల్ మీద ఉన్నవాడు బండి కదిలించేశాడు. మా ముందున్నవాడు వెనక్కి వెనక్కి నడిచి, చేతిలోని పిస్తోలుని బలంకొద్దీ నా మీదికి విసిరి, పరిగెత్తి బండి వెనక వేలాడాడు. నారు కట్టలు వాడి వీపు మీద టపటపా పడ్డాయి.

పిస్తోలు నా నుదుటికి తగిలింది. ఆ ఆయుధం మా దగ్గరున్న కాలంలో దెబ్బ తిన్న మనిషిని నేనొక్కదాన్నే. బొప్పి పదిరోజులు తగ్గలేదు.

తర్వాత అందరం చేలో దిగాం. తాళంచెవి పోయిందంటే అత్త ఉద్యోగానికే ముప్పు. వరసగా చేతులు పట్టుకుని, పాదాలతో బురద తడుముతూ నడిచాం. అత్త చీర నడుం దాకా తడిసింది. ఒకామె నవ్వు మొదలుపెడితే అందరికీ అంటుకుంది. రాయి తగిలితే కేక, పీత తగిలితే ఇంకో కేక. చివరికి ఒక ముసలామె వంగి, బురదలోంచి నల్లతాడు లాగి, ఎత్తి పట్టుకుంది.

"ఇహీ హరే కా, నోనీ?" ఇదేనా అమ్మాయ్ అని.

అత్త ఆమెని అలా బురదతోనే వాటేసుకుంది. ఏడ్చింది కూడా.

ఠాణాలో రాసుకున్నారు. పిస్తోలు అక్కడే ఉంచుకున్నారు. మోటారుసైకిల్ ఎక్కడో వదిలేసి ఉంటే దొరికింది. ఆ మనుషులు మాత్రం దొరకలేదు, మాకు మళ్లీ కనపడనూ లేదు.

మర్నాడు నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. నా నుదురు చూసి, కథంతా రెండుసార్లు చెప్పించుకుని, మంచం మీద కూర్చున్నాడు.

"అయితే అది పనికొచ్చినట్టా, రానట్టా?"

"రాలేదన్నియ్యా," అంది అత్త.

"చిన్నదనా? పెద్ద బోర్‌ది అయ్యుంటే?"

అత్త ఆలోచించింది. "పెద్దదైనా ఆ సంచీలోనే ఉండేది కదా. ఆ మడిసి రెండడుగుల్లో వచ్చీసాడు. పైగా తూటాలుంటే ఏటయ్యేదో చెప్పు. వాడు నొక్కినప్పుడు దానెదురుగా ఉన్నది మీ పిల్ల." మళ్లీ అంది: "ఆ పెద్దాయన చెప్పింది నిజమే. చంపడం వేరు, ఆపడం వేరు. నిన్న వాళ్లని ఆపింది నాట్లేసే ఆడోళ్లు."

అమ్మ లోపల్నుంచి, "నా క్యారేజీ కూడా. సొట్టపోయింది," అంది.

వానలు వెళ్లాక పోలీసులు పిస్తోలు తిరిగి ఇచ్చారు. అత్త దాన్ని ఇంటికి తేకుండా నేరుగా పట్నంలో తుపాకుల దుకాణానికి అప్పగించి, లైసెన్సు కూడా వదులుకుంది. బ్యాంకు పెద్దాఫీసుకి వెళ్లి గట్టిగా పోట్లాడి, తాళంచెవులు ఉన్నవాళ్లిద్దరూ వేరువేరు వేళల్లో, మిగతా సిబ్బందితో కలిసి బస్సులో వచ్చేలా ఏర్పాటు చేయించింది. లూనా ఆదివారాలకి మిగిలింది.

తుపాకుల దుకాణం నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే అత్త చెప్పులైనా విప్పకుండా నాన్న ముందు నిలబడింది.

"అన్నియ్యా, నాకు మోటారుసైకిల్ నేర్పు. ఈ లూనా జోరు సాల్దు."

నాన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు. పక్క క్వార్టర్ వాళ్ల బండి అడిగి తెచ్చి, రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో నేర్పడం మొదలుపెట్టాడు. క్లచ్చి వదలడం రాక బండి కుందేలులా గెంతింది. రెండుసార్లు పడింది. మూడోసారి బండి ముక్కుతూ కదిలింది, తర్వాత సాఫీగా సాగింది. నేను పక్కనే పరిగెత్తుతూ "గేరు మార్చత్తా, గేరు!" అని అరుస్తున్నాను. ఆమె మార్చింది. నేను వెనకపడిపోయాను. మైదానం ఆ చివర దుమ్ములో ఎగురుతున్న ఆమె కొంగు ఒక్కటే కనపడుతోంది.