అక్కకు వెళ్ళని క్రిస్మస్ కార్డు

చాలా ఏళ్ళుగా ఒక మనిషిని చంపిన బరువు మోస్తున్నాను. కంగారు పడకండి, ఆయన నిక్షేపంగా ఉన్నాడు. బరువంతా అక్కడే ఉంది.

రెండువేల మూడో, నాలుగో. అప్పటికి రెండేళ్ళ క్రితం అక్క మా మాట కాదని రేపల్లె అబ్బాయిని చేసుకుంది. రాకపోకలు ఆగిపోయాయి. తెనాలి ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. అమ్మకు కార్డులు ఎంచడమే పండగలో సగం. ఫ్యాన్సీ షాపులో ఒక్కొక్కటీ తెరిచి, లోపలి మాటలు నాచేత చదివించుకునేది. బాపట్ల మేనత్తకు చర్చి బొమ్మది తీసింది. పాస్టరుగారికి తళుకులు లేనిది. తర్వాత గొర్రెపిల్లల కార్డు ఒకటి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

“ఇది మీ అక్కకి పంపుదాంరా. ఎన్నాళ్ళని బిగుసుక్కూర్చుంటాం?”

ఆ మాట నాకు రుచించలేదు. ఎందుకు? అక్క లేని ఆ రెండేళ్ళూ అమ్మ మొత్తం నాదే. అక్క వస్తే మళ్ళీ సగమే. మీసాలు దువ్వుకునే మగాడు చేసుకున్న భాగాల పంపకం ఇది.

చావు జరిగిన ఇంటికి ఆ ఏడాది మావాళ్ళు కార్డు పంపరు. ఆ ఇంటిమీద స్టారూ వెలగదు. నాకు అదే దారి దొరికింది.

“అక్క మామగారు పోయారటమ్మా, మొన్న వానల్లో.”

“అయ్యో! మనకి కబురైనా పెట్టలేదేంట్రా?”

“పరాయోళ్ళం అనుకున్నారేమో.”

అమ్మ కార్డును తిరిగి అరలో, వంకర లేకుండా సర్ది మరీ పెట్టింది. శుభాకాంక్షలు పంపడం ఇష్టం లేక మనిషినే పైకి పంపేసిన ఘనుణ్ణి నేను. ఆ తర్వాత ఇంటి ప్రార్థనలో, ఆ కుటుంబానికి ఆదరణ దయచేయమని అమ్మ వేడుకునేది. నేను ఆమెన్ అనేవాణ్ణి. పలకరించి వద్దామని మాత్రం ఒక్కసారీ అనలేదు. కన్నకూతురే కబురు పెట్టని చోటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్తుంది? నిజం చెప్పడానికి ఎన్ని సాయంత్రాలు దొరికాయో. చెప్తే అమ్మ నన్ను చూసే చూపు మారిపోతుందని, ఆ చూపు కోసమే కదా ఇంత చేశానని, నోరు మూసుకున్నాను.

ఈస్టరు రాకముందే అమ్మ గుండె ఆగిపోయింది.

కబురందగానే రేపల్లె నుంచి అక్క వచ్చింది. వెనకాలే వాళ్ళ మామగారు. నేను చంపిన మనిషి, భుజం మార్చుకుంటూ, సమాధుల దాకా అమ్మ పెట్టె మోశాడు. “ధైర్యంగా ఉండు బాబూ,” అని నన్నే ఓదార్చాడు.

ఆ సాయంత్రం అక్క నన్ను పెరట్లోకి పిలిచింది.

“మొన్న క్రిస్మస్‌కి రోజూ పోస్టుమాన్ కోసం చూశాన్రా. నేనొకదాన్ని ఉన్నానని అమ్మకి ఒక్కసారైనా గుర్తు రాలేదా?”

“లేదక్కా,” అన్నాను.

అది మొదటిదానికన్నా పెద్ద అబద్ధం. మొదటిది నోరు జారింది అనుకోవచ్చేమో, ఇది తెలిసి తెలిసి అన్నది. అక్క ఇప్పుడు వస్తుంది, కాఫీ తాగుతుంది, నా పిల్లల్ని ముద్దు చేస్తుంది. అమ్మ తనను మరిచిపోయి పోయిందనే నమ్ముతోంది. నిజం ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఇంకొంచెం చక్కెర వెయ్యనా అని అడిగి ఊరుకున్నాను.

తనకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇదీ పిరికితనమే. అయినా ఒక్కసారి బయటికి అననివ్వండి.

అమ్మకు గుర్తొచ్చావక్కా. నీకోసం కార్డు ఎంచింది. నేనే పంపనివ్వలేదు.