బ్యాచ్ రికార్డు మీద పెన్సిల్ గీతలు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, వేసవి సెలవుల్లో, పాలిటెక్నిక్‌లో ఇంగ్లిష్ లెక్చరర్‌నైన నన్ను పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీకి నెల రోజులు శిక్షణ ఇవ్వడానికి పంపారు. విదేశీ ఇన్‌స్పెక్టర్లు రాబోతున్నారు. వాళ్లు అడిగితే ఆపరేటర్లు బ్యాచ్ రికార్డు, అంటే ఒక విడత మందు తయారీలో ప్రతి పనీ నమోదయ్యే పత్రాలు, చదివి వినిపించాలి.

మనవాళ్లు ఇంగ్లిష్ మాటను ఇటుకలు పేర్చినట్టు ఒకే బరువుతో పలుకుతారు. ముందు మాటను సిలబుల్స్‌గా విడగొట్టించాను. గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటే దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని సిలబుల్స్. తర్వాత ఒత్తు, అంటే ఏ సిలబుల్‌ను బలంగా పలకాలో, చూడాలి: టెంపరేచర్‌లో మొదటిదాని మీద, ఎక్విప్‌మెంట్‌లో రెండోదాని మీద. "విడదీసిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి, ఒత్తు మీద టిక్కు పెట్టండి, పెట్టకుండా చదవొద్దు" అని గట్టిగా చెప్పాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెప్పిందే కదా అన్న ధీమా నాది.

షాహీన్ పటాన్‌చెరు నుంచి వచ్చేది. ఆరేళ్లుగా ప్యాకింగ్‌లో కాంట్రాక్టు ఆపరేటర్. పర్మనెంటు చేయబోయేవాళ్ల జాబితాలో ఆమె పేరుంది, తనిఖీ తర్వాతే ఆర్డర్లు. నా క్లాసులో అందరికన్నా శ్రద్ధ ఆమెదే. ఆ శ్రద్ధతోనే తనిఖీకి మూడు రోజుల ముందు, తాను చదవాల్సిన పేజీ నిండా గీతలు పెట్టింది. జిరాక్స్ మీద కాదు, అసలు రికార్డు మీద.

అక్కడ పెన్సిలే నిషేధం. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి. చెరిపితే ఇంకా పెద్ద నేరం. క్వాలిటీ మేనేజర్ మెమో ఇస్తానన్నారు. మెమో వస్తే జాబితాలో పేరు ఉండదు.

"నేనే గీసిన సార్. రబ్బరు చేతిల పట్టుకున్న గానీ చెరపలే. చెరిపితే అబద్ధమైతది" అంది షాహీన్. నాకు సిగ్గేసింది. గీయమన్నది నేనేనని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మేనేజర్ దాన్ని డీవియేషన్‌గా, అంటే నియమం తప్పిన ఘటనగా, నమోదు చేసి మెమో ఆపారు.

ఇన్‌స్పెక్టరు ఆ పేజీయే తెరిచారు. గీతలేమిటని అడిగితే షాహీన్ జరిగింది చెప్పి, పేజీ చదివింది. ఆయన డీవియేషన్ కాగితం చూసి పేజీ తిప్పారు. తర్వాతి నెలలో ఆమెకు ఆర్డరు వచ్చింది.

ఆ డీవియేషన్ కాగితంలో 'మూల కారణం' అన్న గడిలో నా పేరుంది. 'దిద్దుబాటు చర్య' గడిలో, శిక్షకుడికి శిక్షణ ఇవ్వాలని రాశారు. ఆ శిక్షణకు వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఏ చోట పాఠం చెప్పబోతున్నామో ఆ చోటి నియమాలు ముందు నేర్చుకోవాలని అక్కడ తెలిసింది. ఆ రోజు రికార్డు ఎలా రాయాలో చూపించింది షాహీనే. చెప్పడం అయ్యాక నా జేబు వైపు చూసి, "పెన్సిల్ గేటు కాడనే ఇచ్చి రావాలె సార్" అంది.