భుజమ్మీద చెయ్యి

రాయచోటి నుంచి కడపకు వచ్చే బస్సులో ఆ రోజు సీటు దొరకలేదు. గువ్వలచెరువు ఘాట్ మలుపులో తూలి, ముందు నిలబడ్డ ముసలాయన భుజం పట్టుకున్నాను. వెంటనే తీయబోయాను.

"ఉండనీప్పా. తీసేటప్పుడు మాత్రం చెప్పి తియ్యి," అన్నాడు తిరిగి చూడకుండానే.

చెయ్యి అలాగే ఉంచి, ఎందుకని అడిగాను. వేరుశనగ చేలమీద పడే అడవిపందుల్ని కాల్చడానికి వచ్చే తుపాకీవాళ్లకు ఒకప్పుడు ఆయనే దారి చూపేవాడట.

"దెబ్బతిన్న పంది కంపలో దూరితే ముందర నేను పోవల్ల. తుపాకాయన నా భుజమ్మీద చెయ్యేసి ఎనకాలే రావల్ల. చెయ్యి ఉండాదంటే మనిషి ఉన్నట్ల. నేను ఎనక్కి తిరగకూడదు. తిరిగితే నమ్మలేదని ఆయప్పకు అవమానం."

ఇంకో మలుపు రాగానే పైకడ్డీ గట్టిగా పట్టుకుని మళ్లీ అందుకున్నాడు.

"ఒగ దినం చెయ్యి తీసినాడు. తుపాకి సర్దుకుంటాండాడేమో అనుకోని, తిరక్కుండా ఇంగా నాలుగడుగులు ఏసినా. ఆయప్ప అప్పటికే రోడ్డుమీద జీపులో కూచోనుండాడు."

పంచె కొంచెం పక్కకు జరిపాడు. తొడలో కండ ఉండాల్సిన చోట పెద్ద గుంట ఉంది.

కడపలో బస్సు ఆగగానే జనం తోసుకుంటూ నన్ను వెనక తలుపులోంచి దించేశారు. చెయ్యి తీస్తున్నానని చెప్పడానికి ఒక్క క్షణం పట్టేది, చెప్పలేదు. కింద నిలబడి కిటికీలోంచి చూశాను. బస్సు దాదాపు ఖాళీ అయింది. ఆయన మాత్రం వెనక్కి తిరగకుండా అలాగే నిలబడి ఉన్నాడు.