బిగిసిన స్టీరింగుతో రెడ్డిగూడెం నుంచి బెజవాడ

మేనకోడలి పెళ్లి భోజనంలో ఆకు ఆకుకీ ఒక చిన్న రసం మామిడిపండు పడాలని మా చెల్లెలికి నేనే మాటిచ్చాను. వడ్డించే రోజు పొద్దున తోటలో గడ్డిలో మాగేసి తీసిన పండయితేనే రుచని గొప్పలు పోయిందీ నేనే.

"ఆ డొక్కు వ్యానులోనా అన్నయ్యా? ముహూర్తం పదకొండున్నరకి. పిల్లని బుట్టలో ఎత్తుకు రావాల్సింది నువ్వే, గుర్తుందా?" అంది.

నా బండిని డొక్కంటే నాకు ఒళ్లు మండుతుంది. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారైనా దారిలో వదిలేసిందా!

ఉదయం నాలుగున్నరకి బెజవాడలో బయల్దేరాను. జి. కొండూరు దాటేసరికి తెల్లారింది. మైలవరంలో ఇడ్లీ తిన్నాను. అటు వెళ్తే అల్లం పచ్చడి మాత్రం వదలకండి. ఆరున్నరకి రెడ్డిగూడెం తోటలో ఉన్నాను.

అక్కడ పని చూడాలండీ! మేస్త్రి మరియమ్మ, ఆమె జట్టులో ముగ్గురు ఆడవాళ్లు. పండుని నొక్కరు. తొడిమ దగ్గర వాసన చూసి, అరచేతిలో ఓసారి దొర్లించి, గంపలో పెడతారు. పసిపిల్లని పడుకోబెట్టినట్టే. పాతిక గంపలయ్యాయి. కుదుపు తగలకూడదని అన్నీ నా సీటు వెనకే పేర్పించాను. మరియమ్మ ఏదో చెప్పబోతే "నాకు తెలుసులేమ్మా" అన్నాను.

ఏడున్నరకి తోట గేటు దగ్గర తిప్పుతుంటే బండి గుయ్యిమని మూలిగి స్టీరింగ్ బిగిసిపోయింది. దిగి చూస్తే పవర్ స్టీరింగ్ పైపు పగిలి నూనంతా మట్టిపాలు. ఆ పైపు చెమ్మగా ఉందని మెకానిక్ నెల కిందటే చెప్పాడు. తుడిచేసి ఊరుకున్న మొనగాణ్ణి నేను. ఫోన్ చేస్తే, "బ్రేకులు బాగున్నాయిగా, మెల్లగా రండి. బండి నిలబెట్టి తిప్పకండి, చక్రం కదులుతుండగా తిప్పండి" అన్నాడు. కోతల కాలం, పైగా పెళ్లిళ్లు, ఇంకో బండి దొరికే దారి లేదు.

రెండు మలుపులకే భుజాలు పడిపోయి బండి ఆపేశాను. బెజవాడ చేరినా, ఈ చేతులతో పిల్లనెలా ఎత్తను? నిజంగా ఏడుపొచ్చింది.

వెనకే నడిచొచ్చిన మరియమ్మ లోపలికి తొంగిచూసింది. "ఇందాక చెప్పబోయింది ఇదేనండీ. బరువంతా ముందే ఉంది. ఎడ్లబండయినా అంతే, ముందు బరువైతే ఎడ్ల మెడలు పడిపోవూ?"

"వెనక్కి జరిపితే కుదుపుకి పళ్లు చితికిపోతాయి కదమ్మా!"

"మేం కూర్చుంటాం లెండి."

గంపలన్నీ వెనక్కి జరిపారు. కింద గోనెసంచులు పరిచి, నలుగురూ గంపలకి కాళ్లూ చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. బండి కదిలింది. స్టీరింగ్ కాస్త తేలికైంది, కాస్తే. నేను ఆయాసపడుతుంటే మరియమ్మ వెనక నుంచి కేకేసింది.

"చేతులతో లాగుతారేంటండీ! గంప చేతులతో లేస్తుందా? నడుం నిలబెట్టి ఒంటితో తిప్పండి."

నిటారుగా కూర్చుని, మోచేతులు దగ్గరపెట్టి, ఒళ్లంతా ఒరిగించి తిప్పాను. తిరిగింది! ఎడ్లబండి నడకతో మైలవరం, జి. కొండూరు దాటి, పదకొండుకి ఐదు నిమిషాలుండగా మండపం ముందు ఆగాను.

గబగబా బట్టలు మార్చుకుని వచ్చేసరికి పిల్ల బుట్టలో కూర్చుని ఉంది. బుట్ట అంచులు పట్టుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డ మరియమ్మ తన నడుం మీద చెయ్యి వేసి చూపించింది. మోకాళ్లు వంచాను, నడుం నిలబెట్టాను, ఒంటితో లేచాను. పిల్ల లేచింది. మా చెల్లెలి కళ్లల్లో నీళ్లు.

ఒక్క పండూ చితకలేదు. చెల్లెలు ఆ నలుగురినీ మొదటి బంతిలోనే కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించింది.

బండి షెడ్డుకి పోయింది. సాయంత్రం నాలుగింటి మైలవరం బస్సులో నేనే వాళ్లని దింపడానికి బయల్దేరాను. ఇన్నేళ్లుగా ఆ పళ్ల రుచినే పొగిడాను, వాటిని మోసే ఒళ్లని ఒక్కనాడూ చూడలేదు. మరియమ్మ కొంగులోంచి ఓ రసం తీసిచ్చింది. పిసకబోతే నా వేళ్లు ముడుచుకోలేదు.

తనే తీసుకుని మెత్తగా పిసికి, తొడిమ తుంచి నా నోటి దగ్గర పెట్టింది.

"ఇవాళ్టికి మీ చేతులు వదిలెయ్యండి బాబుగారూ."