గడప బండలో పరాయి రాయి

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, టేకులపల్లి అవతల అడవి మొదలయ్యే చోట ఉన్న మా ఊళ్ళో ఒక రాతి మచ్చ మీద పంచాయితీ జరిగింది. నేరం మోపింది మాత్రం రాతి మీద కాదు, మా చిన్నమ్మ మీద.

మా బాబాయి ఇల్లు కట్టేటప్పుడు ఖమ్మంలోని గ్రానైటు ఫ్యాక్టరీలో అమ్ముడుపోని బండలు రెండు ట్రాక్టరు మీద తెచ్చాడు. ఒకే రాతిని కోస్తే పక్కపక్కనే వచ్చిన బండలవి. ఒకటి ముందు గడప దగ్గర, ఒకటి పెరటి గడప దగ్గర పరిచారు. ఫ్యాక్టరీ దుమ్ము కూడా వదలకముందే, పరిచిన నాటి నుంచి మా నాయనమ్మ రెండింటినీ ఎర్రమట్టితో అలికేది. ఆమెకు గడపను అలకడమే తెలుసు, కడగడం తెలియదు.

ఆ తర్వాత బాబాయి ఖమ్మం పిల్లను ఇష్టపడి చేసుకున్నాడు. చర్చికి వెళ్ళే ఇల్లు వాళ్ళది. చిన్నమ్మ డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివింది. నాయనమ్మకు ఈ పెళ్ళి మింగుడు పడలేదు. ముందు వాకిలి పని కోడలికి వదిలేసి, పెరటి వాకిలి మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. చిన్నమ్మ రోజూ బండ మీద నీళ్ళు కుమ్మరించి కొబ్బరిపీచుతో తోమేది. వానలు ముదిరేసరికి మట్టి పొరలన్నీ వదిలిపోయి, బూడిదరంగు బండ నడుమ అరచేయంత నల్లమచ్చ బయటపడింది.

అప్పుడే బర్రెదూడ చచ్చిపోయింది. బాబాయికి చలిజ్వరం పట్టుకుంది. ఇంటి వెనక గుంటలో దోమలు గుయ్యిమంటున్నా ఎవరూ అటు చూడలేదు. అందరి కళ్ళూ మచ్చ మీదే.

“ఏందే పిల్లా గిది? నువ్వు కాలు పెట్టినంకనే పుట్టింది,” అంది నాయనమ్మ. చూడవచ్చిన అమ్మలక్కలు, “రాయే నల్లబడ్డదంటే ఇగ మనిషి దక్కుతడా?” అని నిట్టూర్చారు. బండ పెకిలించి అడవిలో పారేయాలని, కోడల్ని పుట్టింటికి పంపాలని తేల్చేశారు. మూలుగుతూ పడుకున్న బాబాయి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. చిన్నమ్మ బ్యాగు వాకిట్లోకి వచ్చింది. నేను దాని పట్టీ పట్టుకుని వదల్లేదు.

చిన్నమ్మ ఏడవలేదు. “పోతా అత్తమ్మా. పోయేముందు పెరటి బండ గూడా కడిగి చూద్దాం. దాన్ని నేను ముట్టనే లేదు గదా. మీ చేత్తోనే కడగండి,” అంటూ బిందెడు నీళ్ళు తెచ్చి పెట్టింది.

“కడుగుత. నా బండకేం రోగం?” అని నాయనమ్మ కొంగు దోపుకుని తోమింది. నీళ్ళు ఎర్రగా కాలవకట్టాయి. అవి తేటపడేసరికి బండ మీద అరచేయంత నల్లమచ్చ కనిపించింది. ముందు గడప మచ్చను అద్దంలో చూసినట్టే ఉంది.

అమ్మలక్కలు ముందు గడపకూ పెరటి గడపకూ రెండుసార్లు తిరిగి చూసొచ్చారు. చివరికి ఎదురింటి ముసలమ్మే అంది: “అయితే నువ్వు గూడ పుట్టింటికి పోవాల్నాయె వదినా!” ముందు నవ్వింది నేనే.

బ్యాగు లోపలికి పోయింది. సాయంత్రం చిన్నమ్మ పల్లిపట్టి చేస్తూ నన్నడిగింది, ముందు పుట్టింది పాకమా పల్లీయా అని. పల్లీయే అన్నాను. భూమి లోపల రాయి కూడా ఇలాగే పాకమై పైకి తోసుకొస్తుందట. దారిలో పాత రాతి ముక్కలు విరిగి అందులో పడతాయట. పాకం గడ్డకడితే అవి లోపలే ఉండిపోతాయట. అది మచ్చ కాదు, పరాయి రాయి, తనను పట్టుకున్న బండ కన్నా వయసులో పెద్దది అని చెప్పింది.

నాయనమ్మ గోడకు తిరిగి కూర్చునే వింటోంది. “గంత మంటల పడ్డా కరగలేదా?” అంది.

“కరగలేదత్తమ్మా. అంచులు కొంచెం మెత్తబడ్డయ్, గంతే.”

మర్నాడు బాబాయిని దవాఖానాకు తీసుకెళ్ళారు. రక్తం చూసి మలేరియా అన్నారు, మందులకు తగ్గింది. వెనక గుంటను చిన్నమ్మా నేనూ మట్టితో పూడ్చాం. నాయనమ్మ తప్పయిందని ఎన్నడూ అనలేదు. కానీ పెరటి బండను మళ్ళీ అలకలేదు. పొద్దున్నే నీళ్ళు పోసి కడిగేది.

పెద్దయ్యాక మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను, ఎంతోమందితో తగవు పడ్డాను. ఫలానా పిల్ల వచ్చినంకనే కీడు వచ్చిందని ఎవరైనా అంటే ఇప్పటికీ ముందు నాకు ఒళ్ళు మండుతుంది. ఆ వెంటనే చిన్నమ్మ తెచ్చి పెట్టిన బిందె గుర్తొస్తుంది. అప్పుడు గొంతు తగ్గించి, పెరటి బండ కడిగి చూశారా అని అడుగుతాను.