తారామణి మేడం చెయ్యి ఊపితే

తారామణి మేడం దేన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడదు. మల్లెపువ్వైనా, మటన్ కూరైనా జానెడు దూరంలో ఉంచి, అరచేత్తో గాలిని మెల్లగా తన వైపు విసురుకుంటుంది. రెండు విసుర్లు, ఒక చిన్న పీల్పు, ఆ తర్వాతే తీర్పు. నాచారంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. చిల్కానగర్‌లో మా ఇంటి పై పోర్షన్‌లో ఏడేళ్ళుగా అద్దెకుంటోంది. నేను చదివింది ఐదో తరగతి, కాబట్టి కెమిస్ట్రీ గురించి నన్నడగొద్దు. మేడం గురించి మాత్రం ఏదైనా అడగండి. పైన ఏ రోజు ఏ కూరో ఆమె కంటే ముందే నాకు తెలుస్తుంది.

ఆమె దిగిన మొదటి రోజే పచ్చిపులుసు పట్టుకుని పైకి వెళ్ళాను. మూత తీయగానే చెయ్యి ఊపడం మొదలుపెట్టింది.

"ఈగలు లేవు మేడం, మూత పెట్టే తెచ్చిన" అన్నాను.

"ఈగలు కాదు పిన్నిగారూ, వాసన చూస్తున్నా. తెలియని పదార్థాన్ని ఇలాగే చూడాలి."

"నా పచ్చిపులుసు నీకు తెలియని పదార్థమా?"

"తినేదాకా అన్నీ తెలియనివే."

వేరే ఎవరైనా అయితే గిన్నె తిరిగి పట్టుకొచ్చేదాన్ని. కానీ ఆమె సాయంత్రానికల్లా గిన్నె నాకినట్టు ఖాళీ చేసి, కడిగి మరీ ఇచ్చింది.

పీర్జాదిగూడలో ఒక పెళ్ళికి వెళ్ళాం. బిర్యానీ గిన్నె ముందు నిలబడి ఈమె చెయ్యి ఊపింది. వెనకున్న ముగ్గురు అనుమానంగా వరసలోంచి తప్పుకుని సాంబారు వైపు వెళ్ళిపోయారు. వంటాయన గరిటె కింద పెట్టి, "ఏందమ్మా, నా బిర్యానీ కంపు గొడ్తుందా?" అని పోట్లాటకు వచ్చాడు. ఉప్పల్‌లో పూలబండి ముందు ఊపితే రెండు ఆటోలు ఆగాయి. ఆమె మామూలు మనిషిలా కనబడే చోటు ఒక్కటే, గుడి. అక్కడ హారతి ముందు అందరూ అదే పని చేస్తారు.

ఇంకో మాట ఆమె నోట్లో ఎప్పుడూ నానుతుండేది. "ముక్కు ఒక్కటే చెబితే నమ్మకూడదు. రెండో సాక్ష్యం కావాలి." ఆ రెండో సాక్ష్యం కోసం నా దగ్గర పసుపు తీసుకుని, నీళ్ళలో కలిపి, అందులో కాగితాలు ముంచి, మా డాబా మీద నా వడియాల పక్కనే ఆరబెట్టేది. పక్కింటి శ్యామలమ్మ ఒకసారి వాటిని కొత్తరకం అప్పడాలనుకుని నూనె కూడా కాచింది.

నా మనవరాలు నీరజ ఆమె కాలేజీలోనే ఇంటర్ రెండో ఏడు. ఇంట్లో అది కూడా చెయ్యి ఊపే వాసన చూస్తుంది. ఉతికిన సాక్సు దగ్గర కూడా.

ఈ ఏడు ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాక కాలేజీలో గొడవ మొదలైంది. ప్రిన్సిపాల్ ఉపేందర్ సారు ఎంట్రన్సు కోచింగుకు ఇంకో గది కావాలన్నాడు. ల్యాబు ఖాళీ చేయమన్నాడు. ఉప్పులు పరీక్షించే ప్రయోగాలు చేయకపోయినా ఫరవాలేదు, పిల్లలు పాత రికార్డులు చూసి రాసుకుంటారు, మీరు సంతకాలు పెట్టండి, చాలు అన్నాడు.

"పిల్ల ముట్టుకోని ఉప్పుకి నా సంతకం పడదు" అంది మేడం. ల్యాబు తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. ఇస్త్రీ చీర కట్టినా ఆ ముడి వేలాడుతూనే ఉండేది.

ఆ తాళంచెవి సంగతి ఎంతవరకు వచ్చిందో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించలేదు. ఆదివారం పొద్దున మెట్లెక్కాను. సగం మెట్ల మీదే గ్యాసు వాసన గుప్పుమంది. లోపల మేడం తలుపులన్నీ మూసుకుని నిశ్చింతగా రికార్డులు దిద్దుకుంటోంది. వంటింట్లో పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. నేను పరుగున వెళ్ళి అది కట్టేసి, కిటికీలన్నీ తెరిచాను.

"నీకు వాసన రాలేదా మేడం?"

ఆమె అలవాటుగా రెండుసార్లు చెయ్యి ఊపింది. "వస్తోంది కదా పిన్నిగారూ, పాలు పొంగిన వాసన."

"పాలు కనబడ్తున్నయి, చెప్పినవ్. కనబడనిది చెప్పు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నేను కుర్చీ లాక్కున్నానంటే సంగతి బయటికి రాకుండా లేవనని మా వాడంతా ఎరుగును.

పోయిన దసరాకు ముందు ల్యాబులో ఒక పిల్ల ఘాటైన అమ్మోనియా సీసా మూత తీసి తిన్నగా ముక్కు కింద పెట్టుకోబోయిందట. మేడం లాక్కుంది. లాక్కోవడంలో అది ఈమె ముఖం మీదికే చిమ్మింది. ఆ రోజు నుంచి ముక్కు పనిచేయడం లేదు. వాసన రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట డాక్టరు.

"ఎవ్వరికీ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ పిల్లని ల్యాబులోకి రానివ్వరు. ఇంట్లోవాళ్ళు ఈ చదువే వద్దని మాన్పిస్తారు. చెయ్యి ఊపుతూనే ఉంటే ఎవరికీ అనుమానం రాదు కదా."

"ఎవరా పిల్ల?"

"అది మాత్రం మీరు వారం రోజులు కూర్చున్నా చెప్పను."

నేను ఎవరికీ చెప్పలేదు, శ్యామలమ్మకు తప్ప. అది కూడా ఒట్టు వేయించుకుని చెప్పాను. ఆమె ఒట్టు వేయించుకునే ఇంకొకరికి చెప్పింది. అలా ఒట్లు పడుతూ పడుతూ సోమవారం మధ్యాహ్నానికి సంగతి కాలేజీకి చేరింది. వాసన తెలియని మేడం ల్యాబు ఎట్లా నడుపుతుంది, తాళంచెవి ఇచ్చేయాలి అన్నాడట సారు. నీరజ ఫోన్ చేసి చెప్పింది. చేసిన పాపం నాది కాబట్టి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే ఆటో ఎక్కాను.

వెళ్ళేసరికి పిల్లలందరూ ల్యాబులో గుమిగూడి ఉన్నారు. ఉపేందర్ సారు బల్ల ముందు నిలబడ్డాడు. ఆయన లెక్కలు చెప్పే మనిషి.

"నేనేం దుష్మన్‌ని గాదు మేడం. గానీ ముక్కే లేకపోతే వాసన పరీక్ష ఎట్ల జేపిస్తరు?"

"ముక్కుంది సార్. వాసనే లేదు" అంది మేడం. "రెండు గొట్టాలు తయారు చేయించండి. దేంట్లో అమ్మోనియా ఉందో నేను చెబుతాను. తప్పు చెబితే తాళంచెవి మీది. ఒప్పు చెబితే పరీక్షలయ్యేదాకా ఈ గది నాది."

పిల్లలు రెండు పరీక్షనాళికల్లో రెండు తెల్లటి ఉప్పులు వేసి, క్షారం పోసి వేడి చేశారు. మేడం పుస్తకంలోంచి మా డాబా మీద ఆరిన పసుపు కాగితాలు తీసి తడిపింది. అమ్మోనియా తగిలితే పసుపు ఎర్రబడుతుందట. ఒక గొట్టం మూతి దగ్గర పట్టింది. ఏమీ కాలేదు. రెండోదాని దగ్గర పట్టగానే నా ఇంటి పసుపు ఎర్రబడి కుంకుమలా అయింది.

"ఇదే" అంది.

సారుకు నమ్మకం కుదరలేదు. "జర నన్ను సూడనియ్యండి" అంటూ గొట్టం లాక్కుని తిన్నగా ముక్కు కింద పెట్టుకున్నాడు.

"సార్, చెయ్యి ఊపాలి సార్" అని పిల్లలంతా ఒక్కసారే అరిచారు. అప్పటికే ఆలస్యమైంది. సారు కళ్ళు, ముక్కు ఒకేసారి కారాయి. మేడం ఆయన్ని కిటికీ దగ్గర నిలబెట్టి, ముఖం కడిగించి, మంచినీళ్ళిచ్చింది.

"ఏ గొట్టంలో ఉంది సార్?" అని అడిగింది.

"దీంట్లనే" అన్నాడాయన దగ్గుతూ. "పరీక్షలయ్యేదాకా ల్యాబు మీదే. తర్వాత సూద్దాం."

"తర్వాత కూడా ఇదే చెబుతాను" అంది మేడం, కొంగు ముడి బిగిస్తూ.

అప్పుడు మా నీరజ నా పక్కకు వచ్చి, చెవిలో కాకుండా అందరికీ వినబడేలా చెప్పింది. "నానమ్మా, ఆ రోజు సీసా మూత తీసింది నేనే. ఇంట్ల చెప్తనంటే మేడమే వద్దన్నది."

నేను కూపీ లాగకుండానే ఒక సంగతి బయటికొచ్చింది. మా వాడలో ఇది వార్తే. పోయిన దసరా ముందు ఈ సంగతి తెలిసుంటే దాని చదువు మాన్పించి కుట్టుమిషను కొనిచ్చేదాన్నే. ఆ మాట మేడం నా ముఖం చూసే కనిపెట్టి ఉంటుంది.

"చదువు మాన్పిస్తారా పిన్నిగారూ?" అంది.

"ఆ సీసాను ఎట్ల పట్టుకోవాల్నో దానికి సక్కగ నేర్పేదాక మాన్పియ్య" అన్నాను. మేడంతో కలిసి తిరిగి ఆటో ఎక్కాక అసలు లెక్క గుర్తుకొచ్చింది. "మేడం, మరి పోయిన దసరా కాడికెల్లి నా వంట ఘుమఘుమలాడ్తుందని మెచ్చుకున్నవ్ కదా?"

"ఆవిరి చూసి చెప్పాను."

ఇప్పుడు రోజూ పొద్దున పైకి వెళ్ళి గ్యాసు చూసి రావడం నా పని. తాళాలు తీసుకుని ఇంకొకరింట్లోకి దర్జాగా వెళ్ళే హక్కు ఈ వయసులో నాకు దొరికింది. నిన్న పచ్చిపులుసు పట్టుకెళ్ళాను. ఆమె జానెడు దూరంలో పెట్టి చెయ్యి ఊపింది. నేనూ పక్కన నిలబడి ఊపాను.

"ఎలా ఉంది పిన్నిగారూ?"

"మస్తుంది" అన్నాను.

"వండినవాళ్ళ మాట చెల్లదు" అంటూ ఆమె కిటికీలోంచి శ్యామలమ్మను కేకేసింది, రెండో సాక్ష్యానికి.