పొడపత్రి నమిలి పెండ్లిచూపులకు పోతే

మొన్న ఆత్మకూరులో మా రాముడి పెండ్లిచూపులు నా నాలిక దెబ్బకు కొంచెంలో చెడిపోయేవి! నవ్వొద్దండప్పా, టీ తాగుతా వినండి.

రాముడు మా అన్న కొడుకు. అన్న లేడు గాబట్టి పెద్దరికం నాది. ఇంతకుముందు మూడు సంబంధాలు తప్పిపోయినాయి. ఈసారన్నా కుదరాలని వానికంటే నాకే ఆత్రం.

కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఆఫీసులకు కట్టడాలు చాలక వేసిన డేరాలో గుమాస్తా డ్యూటీ చేస్తాండా గదా, ఆ ఉక్కకు దప్పిక ఎక్కువైంది. చక్కెర రోగమేమోనని ఒకటే గుబులు. ఆత్మకూరులో బస్సు దిగుతానే ఒక నాటు వైద్యుణ్ణి అడిగినా. ఆయన నల్లమలలో చెట్లకు అల్లుకునే పొడపత్రి ఆకులు నాలుగిచ్చి, "నమిలి మింగు. గంటసేపు ఇంకేమీ తినొద్దు" అన్యాడు. ఎందుకని నేనడగలా, ఆయన చెప్పలా. బాగా నమిలి నేరుగా పెండ్లికూతురి ఇంటికి పోయినాం.

ఆడ మగపిల్లోని తరఫు పెద్ద నోరు తీపి చేసుకుంటేనే మాటలు మొదలయ్యేది. వద్దంటే సంబంధం వద్దన్నట్టే. ఏం చేస్తా, రవ్వకేసరి నోట్లో వేసుకున్యా. చప్పగా ఉండాది!

ఊరుకోవచ్చు గదా? నా నోరు ఊరుకుంటుందా! "చక్కెర వేసేది మర్చిపోయినట్టుండారు" అన్యా.

పాపం, పిల్ల తండ్రి లోపలికి పోయి చక్కెర తెచ్చి పైన చల్లినాడు. తింటే ఇసుక నమిలినట్టుండాది. "ఏమప్పా, మీ ఊరి చక్కెరకు తీపే ఉండదా?" అన్యా.

పక్కన రాముడు నా తొడ గిల్లుతాండాడు. "చిన్నాయనా, తీపి శానా ఉండాది, ఊరుకో!"

"తలుపు చాటున పిల్లను చూసి మతి పోగొట్టుకున్యావు, నీకేం తెలుస్తాదిరా!"

పిల్ల తండ్రి మొగం ఎర్రగా అయింది. "ఇంటికొచ్చి ఎగతాళి చేస్తాండారా? ఇంక లేయండి" అన్యాడు. రాముడి కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. అయ్యో, నాలుగోది కూడా పాయె, అదీ నా వల్లే అనుకున్యా.

అంతలో పిల్ల అవ్వ నా ముందరికొచ్చి, "నాలిక బయట పెట్టు నాయనా" అనింది. పెట్టినా. పచ్చగా ఉండాదంట!

"పొడపత్రి నమిలినావా? అది నమిలినోనికి తీపి యాడ తెలుస్తాదప్పా!"

ఇల్లంతా ఒకటే నవ్వు. పిల్ల తండ్రి కూడా నవ్వుకుంటా కూచున్యాడు. నేను తలెత్తితే ఒట్టు.

"నీకిష్టమేనా అమ్మా?" అని పిల్లనడిగినారు.

తలుపు చాటు నుంచి, "అబ్బాయి సరే. పెండ్లి వంటలు రుచి చూసే పని మాత్రం ఆ మామకు పెట్టొద్దు" అనింది.

వచ్చే నెల పెండ్లి. నాకూ ఒక పని ఇచ్చినారులే. వాకిట్లో నిలబడి వచ్చినోళ్ల మీద పన్నీరు చల్లాల. నోరు తెరవకుండా చేసే పని అదొక్కటే ఉండాదంట!